ఇరవై రెండు అడుగులు

"మంగళవారం దాకా ఆగుతే ఏం బాయె?" అని శంకరయ్య నాలుగోసారి అన్నాడు.

పొద్దంతా మరమగ్గాల చప్పుడులో అరిచి అరిచి మాట్లాడే మనిషి ఆయన. ఇంట్లో ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు తెచ్చిచ్చేంత గొంతు. అలాంటివాడు ఈ పొద్దు తలుపు దగ్గరికి వేసి గుసగుసలాడుతున్నాడు. భార్య గౌరవ్వకు కోపం కంటే ముందు భయం పుట్టింది.

"ఆదివారం కోరుట్లల బాణాలాట ఎంపిక పెట్టుకొని కండ్లద్దాలు మంగళవారం తెచ్చుకునుడేందయ్యా? లగ్గమైనంక పుస్తె కొనవోయినట్టు!"

"నీకు చెప్తే సమజ్ కాదు."

"సమజ్ అయ్యేటట్టు చెప్పు మరి. ఎవ్వలద్దన్నరు?"

ఆయన గోడకు వేలాడుతున్న విల్లు వంక చూశాడు. వెదురు విల్లు. గౌరవ్వ పాత చీరలో చుట్టి మేకుకు తగిలించి ఉంది.

కూతురు రాధ ఆ మేకు కిందే కూర్చుని, ఒళ్లో ఉన్న చీటీని మడతపెడుతూ విప్పుతూ ఉంది. అది జగిత్యాల అద్దాల దుకాణానికి వెంకటేశం సారు రాసిన చీటీ. బడిలో ఆటలు నేర్పే సారు. ఆరేళ్ల కింద రాధ చేతికి విల్లు ఇచ్చినవాడు. మొన్న మైదానంలో ఆమె బాణం వదలగానే, "ఏడ తాకింది?" అని ఊరికే అడిగాడు. "పసుపుల తాకింది సారూ" అంది రాధ. ఆయన నడిచి వెళ్లి చూస్తే బాణం గురిపలక నడిమి పసుపు దాటి ఎర్ర వలయంలో ఉంది. మళ్లీ వేయించాడు, మళ్లీ అడిగాడు. ఆరు బాణాలకు నాలుగుసార్లు తప్పు చెప్పింది.

"మరి ఇన్నేండ్లు ఎట్ల కొట్టినవే?"

"పచ్చగ కనబడ్డ కాడికి సూది తెచ్చి ఇడుస్త సారూ. మిగతాది చేతికి తెలుసు."

సూది అంటే విల్లుకు టేపుతో అంటించిన గుండుసూది. గురి చూసుకోవడానికి అదే సాధనం. దాని తల చేతి దూరంలో ఉంటుంది కాబట్టి రాధకు బాగానే ఆనుతుంది. దాని వెనక పసుపు మచ్చ మసకగా ఉంటే ఏం, మచ్చ మధ్యకు సూదితల తెచ్చి వదిలితే బాణం పోయి పడుతుంది. తెగిన పోగును కంటితో వెతకకుండా వేలితో పట్టే మగ్గం వాళ్ల ఇంటి పిల్ల ఆమె. ఊరు బాణాన్ని చూసింది గాని కన్నును చూడలేదు. బాణం తగులుతోంది కనుక డేగకన్ను అని పేరు పెట్టింది. శంకరయ్య ఆ మాటను కార్ఖానాలో రోజుకు రెండుసార్లు చెప్పేవాడు, ఎవరూ అడగకపోయినా సరే.

"సోమవారం కోర్టున్నది గదనే" అన్నాడు చివరికి, నేల చూస్తూ.

బియ్యం చెరుగుతున్న గౌరవ్వ చేయి ఆగిపోయింది.

మూడు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి అది. మానేటి ఒడ్డున నూలు లారీ తగలబడిన రోజు రాధ ఏటి పక్క మైదానంలోనే ఉంది. అవతలి గట్టు మీద ఎర్ర తువ్వాల వేసుకున్న మనిషి ఒకడు పరుగెత్తాడు. నక్సలైట్ అన్నల పనే అని పోలీసులు వాడవాడా గాలించి, ఎవరో చెబితే రాధ దగ్గరికి వచ్చారు. "నీది డేగకన్నంటగదమ్మా, ఎవడు వాడు?" అని అడిగారు. చుట్టూ నలభై మంది జనం. పక్కనే నాయిన. "చెప్పు బిడ్డా, నీకు కనబడనిది ఉంటదా!" అని నలుగురూ వినేటట్టు అన్నాడు. రాధకు కనబడింది ఎర్ర తువ్వాల, కొంచెం వంగిన నడక. అంతే. "మొగిలన్న లెక్క ఉన్నడు" అంది. ఆ 'లెక్క'ను, 'లాగా' అన్న ఆ ఒక్క మాటను, ఎవరూ రాసుకోలేదు. శంకరయ్య పక్క మగ్గం నడిపే మొగిలి ఆ సాయంత్రం నుంచి కరీంనగర్ జైల్లో ఉన్నాడు.

"కోర్టుకూ అద్దాలకూ ఏం సంబంధం?" అంది గౌరవ్వ.

"అద్దాలు పెట్టుకొని బోనుల నిలబడి 'నేను చూసిన' అంటె ఆళ్ల వకీలు ఊకుంటడా? ఉన్నది లేనట్టు చేస్తడు. గప్పుడు కండ్లు మంచిగనే ఉండె. ఈ నడుమ పాడైనయి. ఏం బిడ్డా? గప్పుడు మంచిగనే ఉండె గద?"

రాధ చీటీని ఆరు మడతలు పెట్టింది. ఇంక మడత పడలేదు.

"అడుగుతున్న గదనే."

"బస్సుకు యాల్లయితుంది" అంది రాధ.

గౌరవ్వ కూతురి వేళ్ల వైపు చూసింది, మొగుడి ముఖం వైపు చూసింది. చేట కింద పెట్టింది. "లేవుండ్రి ఇద్దరు. జగిత్యాల పోండ్రి. విల్లు గూడ పట్టుకపోండ్రి, సారు పట్టుకపొమ్మన్నడు. నేను అడుగుతలేను, చెప్తున్న."

* * *

కొండగట్టు మలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు పెట్టి బస్సును ఆపారు.

ఇద్దరు పోలీసులు ఎక్కారు. బస్సులో అంజన్న దర్శనానికి పోయేవాళ్లే ఎక్కువ. కొబ్బరికాయల సంచులు, గుండు గీయించవలసిన పిల్లలు. సంచులన్నీ తడుముకుంటూ వచ్చిన జవాను రాధ మోకాళ్ల మీది పొడుగాటి చీర మూటను లాఠీతో పొడిచాడు.

"ఏందిది?"

"విల్లు సారూ" అన్నాడు శంకరయ్య. "బిడ్డ ఆటలాడ్తది."

"విప్పు."

విప్పింది. బస్సంతా మెడలు సాచి చూసింది. జవాను విల్లును అటూ ఇటూ తిప్పి, గుండుసూదిని వేలితో తాకి, రాధ ముఖంలోకి చూశాడు. ఉన్నట్టుండి అతని ముఖం విప్పారింది.

"నువ్వు సిరిసిల్ల పిల్లవు గదా! మొగిలిగాన్ని పట్టిచ్చింది నువ్వే గదా! అరే, ఈమెనయ్యా" అని రెండో జవానును పిలిచాడు. "రెండువందల అడుగుల కాడ ఉరుకుతున్న మనిషిని పోల్చింది. మనం ఎందుకు, ఈ తుపాకులెందుకు? గిసొంటి కన్ను ఒక్కటుంటె చాలు!"

విల్లును తనే జాగ్రత్తగా చుట్టి ఇచ్చాడు పాపం. బస్సు దిగుతూ సలాం కూడా కొట్టాడు.

బస్సు కదిలింది.  అప్పటిదాకా రాధ భుజానికి ఆనుకుని కునుకుతున్న ముసలమ్మ మెల్లగా తన మూట తీసుకుని వెనక సీటులోకి పోయి కూర్చుంది. రాధకు చెవుల దాకా మంట ఎక్కింది. ఒళ్లంతా సిగ్గుతో చితికిపోయింది. మెచ్చుకోలు ఇంత బాధ పెడుతుందని ఆ పిల్లకు అంతవరకు తెలియదు. తిట్టి ఉంటే తట్టుకునేది.

శంకరయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మూడు నెలల కిందైతే ఆ జవానుకు ఇంకో పది మాటలు తానే అందించేవాడు.

* * *

దేవదాస్ దుకాణం పాత బస్టాండు సందులో ఉంది. ఒకప్పుడు మిషన్ దవాఖానాలో కండ్ల డాక్టరు దగ్గర కంపౌండరుగా పనిచేసి, తర్వాత సొంతంగా అద్దాలు పెట్టుకున్నాడు. సన్నటి మనిషి, తన అద్దాలను ఎప్పుడూ నుదుటి మీదే పెట్టుకుని వాటి కోసమే వెతుక్కుంటూ ఉంటాడు.

"వెంకటేశం సారు పంపిండా? రా బిడ్డా, కూసో. గోడ మీది అచ్చరాలు చదువు."

మొదటి వరుస చదివింది. రెండోది చదివింది. మూడో వరుసలో సగం ఊహించి చదివింది. దేవదాస్ "ఊహిస్తే ఒప్పుకోను. కనబడ్డదే చదువు" అన్నాడు. రాధ నోరు మూసుకుంది.

ఆ మాట మూడు నెలల కింద ఒక్కరన్నా అని ఉంటే!

ఇనుప ఫ్రేములో ఒక్కో గాజుబిళ్ల వేస్తూ, తీస్తూ పోయాడు. గోడ మీద అక్షరాలు ఒకటొకటిగా నిలబడ్డాయి. చివరి వరుస దాకా చదివేసరికి శంకరయ్య నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఒకటిన్నర" అన్నాడు దేవదాస్. "ఇగ విల్లు తియ్యి. వేరేటోళ్లకైతె అద్దాలిచ్చి పంపుత. బాణాలేసేటోళ్లకు గట్ల కాదు. బాణం ఎక్కియ్యకు, ఉత్తగ గుంజి పట్టుకో. ఎదురుంగ రంగుల దుకాణం మీద పచ్చటి డబ్బా ఉన్నది సూడు, గది నీ గురి."

రాధ గడపలో నిలబడి విల్లు ఎక్కుపెట్టింది. పట్టపగలు జగిత్యాల బజారులో, ఆ రోజుల్లో! సైకిలు మీద పోతున్న ఒకాయన సైకిలు వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. రంగుల దుకాణం సేటు బల్ల కిందికి వంగాడు. "ఏం లేదు, ఏం లేదు, కండ్ల పరీచ్చ!" అని దేవదాస్ అరిచాడు. శంకరయ్యకు ఒక్క క్షణం నవ్వు వచ్చింది. ఆ రోజు ఆయన నవ్వడం అదే ఆఖరు.

"ఏం కనబడుతుంది బిడ్డా?"

"డబ్బా మీద అచ్చరాలు గూడ కనబడుతున్నయి సారూ. సూదే మసకేసింది."

"మసకేస్తది. కన్ను ఒక్క పారి ఒక్కదాన్నే పట్టుకుంటది. దూరపుదన్న, దగ్గరిదన్న." ఆయన ఒకటిన్నర తీసి ఇంకో బిళ్ల వేశాడు. "ఇప్పుడు?"

"సూది మంచిగున్నది. డబ్బా జెర మెత్తగున్నది. కని డబ్బానే అని తెలుస్తుంది."

"గిది ముప్పావు. విల్లుకు ఇదే సరిపోతది, ఆదివారం దీనితోని కొట్టు. అలవాటైన చూపు గనక చెయ్యి తప్పదు. పెట్టుకున్నా పెట్టుకోనట్టే ఉంటది, దుమ్ముకు పెట్టుకున్ననన్నా నమ్ముతరు. ఒకటిన్నర అయితె నీ అసలు నంబరు. మనుషులను సూడాల్నంటె అది కావాలె. కని దానితోని గురి కుదరాల్నంటె పదిహేను దినాలు పడ్తది. ఆదివారం ఎంపికల తప్పుతవు, నేను అబద్ధం చెప్ప."

ఎంపికైతే హైదరాబాద్‌లో హాస్టలు. అక్కడ నిలబడితే రైల్వేలో నౌకరి. ఆరేళ్లుగా ఆ ఇల్లు దాని కోసమే వెదురు విల్లుకు నూనె రాస్తోంది.

శంకరయ్య గొంతు సవరించుకున్నాడు. "సారూ, ఈ కండ్లు పాడై రెండు నెల్లయితదా?"

"రెండు నెల్లా? నాలుగైదేండ్ల సంది ఉంటది. ఒక్కపారే గింత రాదు."

"లేదు సారూ. చూసేది. మూడు నెల్ల కింద రెండువందల అడుగుల కాడ మనిషిని గుర్తుపట్టింది."

దేవదాస్ నుదుటి మీది అద్దాలు కళ్లకు దించుకుని శంకరయ్యను చూశాడు. సంగతి ఆయనకు తెలుసో తెలియదో! పేపరు చదివే మనిషి, తెలిసే ఉంటుంది.

"నమ్మవా అన్నా? నువ్వే సూడు. రోడ్డు మీదికి పో. మొఖం ఇటే పెట్టి వెనకకు నడువు, అడుగులు లెక్కవెట్టుకో. బిడ్డా, ఆ ఫ్రేము తీసి పక్కకు పెట్టు. మీ నాయిన మొఖం ఎప్పుడు పోతే గప్పుడు చెయ్యి లేపు."

శంకరయ్య వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. అరటిపండ్ల బండి ఆయనకు తగిలింది. సారీ చెప్పి మళ్లీ నడిచాడు. పది. పన్నెండు. నవ్వు ముఖం పెట్టడానికి ప్రయత్నిస్తున్నాడు, కూతురికి ధైర్యం చెబుతున్నట్టు. పదిహేను దగ్గర మీసం ఇంకా మీసంలాగే ఉంది. పద్దెనిమిది దగ్గర కళ్లు రెండు గుంటలయ్యాయి.

రాధ ఒక చేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంది. లేపకపోతే? యాభై దాకా, వంద దాకా ఊరుకుంటే? నాయిన సంతోషంగా తిరిగి వచ్చి, చూసినవా సారూ అంటాడు. ఇన్నాళ్లూ ఊరుకున్నట్టే ఇప్పుడూ ఊరుకుంటే సరిపోతుంది.

ఇరవై రెండో అడుగు దగ్గర నాయిన ముఖం పోయింది. మెడ మీద ఒక గోధుమరంగు ముద్ద మిగిలింది, అంతే. ఆ ముద్ద ఎవరిదైనా కావచ్చు.

రాధ చేయి లేపింది.

శంకరయ్య ఆగలేదు. చేయి కనబడనట్టే ఇంకో ఐదారడుగులు నడిచాడు. అక్కడి నుంచి బజారంతా అదిరేటట్టు తన మగ్గం గొంతుతో అరిచాడు. "కనబడ్తలేనా బిడ్డా?"

"కనబడ్తలెవ్వు నాయినా!"

ఆయన రోడ్డు నడుమ నిలబడిపోయాడు. ఆ క్షణాన ఆయన ముఖం ఎలా ఉందో రాధకు తెలియదు. దేవదాస్ మాత్రం చూశాడు. చూసి తల దించుకుని గాజుబిళ్లలు తుడవసాగాడు.

తిరిగి వచ్చాక శంకరయ్య బల్ల మీద కూర్చున్నాడు. తర్వాత తలెత్తకుండా అన్నాడు. "గా చిన్నదే ఇయ్యి సారూ. పెట్టుకున్నా పెట్టుకోనట్టే ఉంటదన్నవు గద. చీటి రాయకు."

రాధకు నాయిన మీద కోపం రావలసింది. రాలేదు. ఆయన నోటి నుంచి ఆ మాట వినవలసి వచ్చినందుకు తన మీదే రోత పుట్టింది. ఈ మనిషి ఒకరి సొమ్ము ముట్టుకోడు, ఒకరి మగ్గం మీది నూలు పోగు తీసుకోడు. అలాంటివాడి చేత తాను ఈ మాట అనిపించింది.

"నాకు పెద్దదే ఇయ్యిండ్రి సారూ" అంది. "చీటి రాయిండ్రి. తారీఖు ఎయ్యిండ్రి. ఎన్నేండ్ల సంది ఉన్నదో గది గూడ రాయిండ్రి."

"రాధా!"

"రాయిండ్రి సారూ."

దేవదాస్ కలం తీశాడు.

* * *

"గిటు గాదు, సిరిసిల్ల బస్సు అటు ఆగుతది" అన్నాడు శంకరయ్య బస్టాండులో.

"మనం కోరుట్ల పోతున్నం."

"ఎంపిక ఆదివారం గద."

"ఎంపికకు కాదు. రాజక్క వదినె ఆడనే ఉన్నది, తల్లిగారింట్ల."

రాజక్క మొగిలి భార్య. శంకరయ్య విల్లు మూటను చంకకు మార్చుకున్నాడు. చుట్టూ చూసి, మళ్లీ ఆ పొద్దుటి గుసగుస గొంతుతో మొదలుపెట్టాడు. "బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. గీ మాట బయటవడితె పోలీసోళ్లు నిన్నిడుస్తరా? అబద్ధం చెప్పినవని నిన్ను లోపలేస్తరు. మొగిలి మీద ఇంకేం సాచ్చం లేదంట, కేసు దానంతటదే కొట్టేస్తరంట. నువ్వు సోమవారం పోయి, సరిగ యాది లేదు అను. సాలు."

"మూడు నెల్లు నాయినా."

"తెలుసు."

"నీ పక్క మగ్గం."

"తెలుసంటున్న గదనే!" ఈసారి గొంతు లేచింది. వెంటనే పడిపోయింది. "చెప్పు చెప్పు అన్నది నేనే గద. నలుగుట్ల నా బిడ్డ అనిపిచ్చుకుందామని అన్న. తప్పు నాది. నన్నను. ఊర్లె తలెత్తుకొని ఎట్ల తిరగాలె?"

రాధ కోరుట్ల బస్సు ఎక్కింది. ఆయన కూడా ఎక్కాడు, రెండు సీట్ల వెనక కూర్చున్నాడు.

దేవదాస్ అప్పటికప్పుడు బిగించి ఇచ్చిన కొత్త అద్దాల్లోంచి దారంతా గుచ్చుకున్నట్టు కనబడింది. తుమ్మచెట్ల ఆకులు, గోడల మీద ఎర్ర రంగు రాతలు, వాటి మీద పూసిన సున్నం. కల్లం దగ్గర నిలబడ్డ ఆడమనిషి పళ్లు కూడా. లోకం ఇంత తేటగా ఉంటుందని తెలియకుండానే తాను ఒక మనిషిని చూశానని చెప్పింది! రాధ కళ్లు మూసుకుంది.

కోరుట్లలో సందు మొదట్లోనే శంకరయ్య ఆగిపోయాడు. "నేను రాను బిడ్డా. నాకు మొఖం లేదు." విల్లు మూట పట్టుకుని కరెంటు స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు.

సందు చివర అరుగు మీద నలుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. మూడో మనిషి రాజక్క. అంత దూరం నుంచే రాధ పోల్చింది. చిక్కిపోయింది, పాపిట పక్కన తెల్ల వెంట్రుకలు వచ్చాయి. అంతకుముందు లేవు. లేక అంతకుముందు తనకు కనబడలేదో.

"అయ్యో, రాధవా?" రాజక్క చాట పక్కన పెట్టి లేచింది. "రా, రా. ఒక్కదానివే అచ్చినవా? కూసో. నీళ్లు తాగుతవా? అద్దాలెప్పుడు పెట్టినవే?"

తిడుతుందనుకుంది రాధ. తలుపు వేసుకుంటుందనుకుంది. ఈమె నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది. రాధ చెంబును తాగకుండానే పక్కన పెట్టింది.

"నీ మీద నాకు కోపం లేదు పిల్లా" అంది రాజక్క, ఆకు కత్తిరిస్తూ. "నువ్వు చూసినవు, చెప్పినవు. ఆయన ఏమన్నడో ఎరికేనా? ఆ దినం కోనరావుపేటల అక్క ఇంట్ల ఉన్న అన్నడు. అక్క గూడ అవునన్నది. తమ్ముడు గద, అంటది మరి. నేను నమ్మలే. రాధ కన్ను అబద్ధం చెప్పది అన్న. జైలుకు పొయి మొఖం మీదనే చెప్పిన: నాకు గా అన్నల మీటింగులల్లకు పోనని మాటిచ్చి తప్పినవు, ఇగ నీ మొఖం నాకు సూపియ్యకు అని. ఆయన ఇనుప జాలి పట్టుకొని ఏడ్చిండు. నేను తిరిగి సూడకుంట అచ్చిన. మల్ల పోలే."

రాధ ఒక మనిషిని జైలుకు పంపానని మాత్రమే అనుకుంది ఇన్నాళ్లూ. అతని పెండ్లాన్ని కూడా అతని దగ్గర నుంచి లాగేసిందని ఇప్పుడు తెలిసింది.

దేవదాస్ రాసిన చీటీ తీసి ఇచ్చింది. రాజక్క దాన్ని తిప్పి చూసి వెనక్కి ఇచ్చింది. "నాకు చదువత్తదా ఏంది? ఏం రాసున్నది గిండ్ల?"

ఇచ్చేసి తల దించుకుంటే సరిపోతుందనుకుంది. కాదు. నోటితోనే చెప్పాలి.

"నాకు దూరంల మొఖాలు కనబడవని రాసున్నది వదినె."

"ఎప్పటి సంది?"

"నాలుగైదేండ్ల సంది."

మిగతా ముగ్గురి కత్తెరలు ఆగాయి.

రాజక్క చేతిలో ఆకు సగం చుట్టి ఉంది. దాన్ని అలాగే చాటలో పెట్టింది. "అంటె, గా దినం?"

"ఎర్ర తువ్వాల కనబడ్డది. మొఖం కనబడలే."

"మరి ఎందుకు చెప్పినవే?"

"అందరు అడిగిండ్రు. కనబడలేదని చెప్పనీకి సిగ్గయింది."

అంతే. మూడు నెలలు దాచిన సంగతి ఇంత చిన్నదిగా బయటికి వచ్చింది. సిగ్గయింది. ఒక మనిషి బతుకు కంటే తన సిగ్గు పెద్దదైంది ఆ రోజు. ఇప్పుడు పడుతున్న సిగ్గు ముందు అది ఏ మూలకూ రాదు.

రాజక్క కొడుతుందేమోనని అనిపించింది. కొడితే బాగుండుననిపించింది. ఆమె లేచి వచ్చి రాధ ముఖం మీది అద్దాలు తీసింది. తన కళ్లకు పెట్టుకుని సందంతా ఒకసారి చూసింది. తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ రాధ ముఖానికి తనే పెట్టింది.

"సక్కగ సూడు నన్ను."

రాధ చూసింది. రాజక్క కింది పెదవి వణుకుతోంది. కళ్లలో నీళ్లు లేవు.

"ఆయన్ను నమ్మకపోయిన పాపం నాది. దాన్ని నేను మోసుకుంట. నువ్వు నాకు చెప్పినవు, మంచిదే. గిదే మాట సోమవారం కోర్టుల, పోలీసోళ్ల ముందట చెప్తవా?"

రాధ నోరు తెరిచి, సందు మొదటికి చూసింది.

శంకరయ్య స్తంభాన్ని వదిలి నడి సందులోకి వచ్చి నిలబడ్డాడు. అరవై అడుగులు ఉంటుంది. ఆయన పెదవులు కదలడం లేదు. తల మాత్రం అడ్డంగా ఊపుతున్నాడు, మెల్లగా, వద్దు వద్దు అని. మీసం మీదుగా కన్నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు, అంత దూరం నుంచి కూతురికి కనబడవన్న ధైర్యం కాబోలు. అద్దాల సంగతి ఆయన ఇంకా అలవాటు చేసుకోలేదు.

"చెప్తవా, చెప్పవా?" అంది రాజక్క.

రాధ నాయిన ముఖాన్నే చూస్తూ తల ఊపింది. "చెప్త వదినె."

మాట ఆయనకు వినబడలేదు. తల ఊపడం కనబడింది. ఆయన తల అలాగే ఆగిపోయింది.

రాధ రెప్ప వేయకుండా చూసింది. ఈసారి ఆ ముఖం చెదరలేదు, ముద్దగా కరిగిపోలేదు. ఆయనే దాన్ని అటు తిప్పుకున్నాడు. తిప్పుకుని, విల్లు మూట చంకలో పెట్టుకుని, ఒక్కడే బస్టాండు వైపు నడిచిపోయాడు.